సీటు చేతబట్టుకుని అడుగుదాం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల నుంచి హాస్టళ్ళకు వచ్చిన మాలాంటి అమ్మాయిలకు డిగ్రీ కాగానే ఇంట్లో ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "ఇంకా ఎంత చదువు?" పీజీ అంటే ఏమిటో చెప్పేవారు ఇంట్లో ఉండరు. అందుకే మేము చెబుతున్నాం.

మదనపల్లెలో బి.టి. కాలేజీ 1915లోనే వెలిసింది. మహిళలకోసం తిరుపతిలో పద్మావతి విశ్వవిద్యాలయం 1983లో, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో ఏర్పడ్డాయి. 2021 నుంచి రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఎం.ఏ., ఎం.కాం., ఎమ్మెస్సీ సీట్లకు ఉమ్మడి ప్రవేశపరీక్ష ఏపీ పీజీసెట్. డిగ్రీ చివరి సంవత్సరంలోనే రాయవచ్చు.

చెల్లెళ్ళారా! ముందే అడిగితే ఇంట్లో "వద్దు" అనడం సులభం. పరీక్ష రాయండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు సిద్ధం చేసుకోండి. సీటు, హాస్టలు, ఉపకారవేతనం వివరాలతో నాన్న ముందు నిలబడండి. మేము అలాగే నిలబడ్డాం.