కాలిపోయిన మాస్ఫెట్ నేర్పిన లెక్క

మూడో సంవత్సరం మినీ ప్రాజెక్ట్ రివ్యూకి సరిగ్గా రెండు రోజుల ముందు మా బోర్డు మీద మాస్ఫెట్ కాలిపోయింది. పెద్ద శబ్దమేమీ రాలేదు. చిన్న ‘టప్’, సన్నటి పొగ, ఆ తర్వాత ల్యాబంతా వాసన. ట్రిపుల్ ఈ వాళ్ళకి ఆ వాసన గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. సప్లై ఆపేసి నేనూ నా పార్ట్‌నరూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పక్క బెంచీ దగ్గరున్న ల్యాబ్ అసిస్టెంట్ గారు వచ్చి, బోర్డు అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్కటే అడిగారు: “ఇంత చిన్నగా చెయ్యమని మిమ్మల్ని ఎవరడిగారు?”

అప్పుడు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, కన్వర్టర్ డిజైన్ ఆప్టిమైజేషన్ అనే సబ్జెక్టులో సగం ఆ ప్రశ్నలోనే ఉందనిపించింది. అది చెబుదామనే ఈ వ్యాసం. వేరే బ్రాంచి వాళ్ళు కూడా భయం లేకుండా చదవొచ్చు. గుణకారాలు, భాగహారాలు తప్ప ఇందులో పెద్ద గణితం ఏమీ లేదు.

అసలు మేం చేసింది ఏమిటి

మా పెదనాన్నకి ఊళ్ళో రేకుల గొడ్ల చావిడి ఉంది. అందులో రెండు ఎల్ఈడీ లైట్లు, ఒక డీసీ ఫ్యాన్, వాటికో 12 వోల్టుల బ్యాటరీ, పైన రేకుల మీద ఒక సోలార్ ప్యానెల్. ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య పెట్టిన చార్జర్ రెండు వేసవులు తిరిగేసరికి పాడైపోయేది. “మీ కాలేజీలో ఇలాంటివి చేస్తారట కదరా, మాకొకటి చేసిపెట్టు” అన్నాడు పెదనాన్న. ప్రాజెక్ట్‌కి టాపిక్ దొరికింది కదా అని వెంటనే ఒప్పేసుకున్నాను.

దానికి కావలసింది బక్ కన్వర్టర్. ఎక్కువ వోల్టేజీని తక్కువ వోల్టేజీగా మార్చే సర్క్యూట్. ఇందులో మాస్ఫెట్ అనే స్విచ్ సెకనుకి వేల సార్లు, లక్షల సార్లు ఆన్, ఆఫ్ అవుతూ ఉంటుంది. ఆన్‌లో ఉన్నప్పుడు ప్యానెల్ నుంచి కరెంట్ ఇండక్టర్ గుండా బ్యాటరీకి వెళుతుంది. ఆఫ్ అయినప్పుడు ఇండక్టర్ తనలో దాచుకున్న శక్తిని డయోడ్ దారిలో మళ్ళీ బ్యాటరీకే పంపుతుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి ప్యానెల్ వైపు 24 వోల్టులు, బ్యాటరీ వైపు 12 వోల్టులు, కరెంట్ 5 ఆంపియర్లు అనుకుందాం. అంటే 60 వాట్లు. స్విచ్ సగం సమయం ఆన్‌లో ఉంటే చాలు.

కరెంట్ నున్నగా ఉండదు, కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటుంది. దాన్నే రిపుల్ అంటాం. రిపుల్‌ని 1.5 ఆంపియర్ల దగ్గర ఆపాలనుకున్నాం. సెకనుకి లక్ష సార్లు, అంటే 100 కిలోహెర్ట్జ్‌లో స్విచ్ చేస్తే కావలసిన ఇండక్టర్ ఇది:

(24 − 12) × 0.5 ÷ (1.5 × 1,00,000) = 40 మైక్రోహెన్రీలు.

ఇక్కడే మాకు ఆశ పుట్టింది. భాగహారంలో కింద ఫ్రీక్వెన్సీ ఉంది కదా! దాన్ని ఐదు రెట్లు పెంచి 500 కిలోహెర్ట్జ్ చేస్తే ఇండక్టర్ 8 మైక్రోహెన్రీలకి దిగిపోతుంది. కోడిగుడ్డంత ఉండాల్సిన కాయిల్ గోలీ అంత అయిపోతుంది. రివ్యూ టేబుల్ మీద అగ్గిపెట్టెంత చార్జర్ పెట్టి అందర్నీ ఆశ్చర్యపరచాలని మా ప్లాన్.

పొదుపు చేసింది ఎక్కడ తేలింది

మాస్ఫెట్‌లో రెండు రకాల నష్టాలుంటాయి. మొదటిది కండక్షన్ నష్టం. ఆన్‌లో ఉన్నా దానికి కాస్త రెసిస్టెన్స్ ఉంటుంది. మేం వాడినదానికి 20 మిల్లీఓమ్‌లు. 5 ఆంపియర్ల వర్గం 25; దాన్ని 0.02తో, సగం సమయం కాబట్టి 0.5తో గుణిస్తే 0.25 వాట్లు. ఇది ఫ్రీక్వెన్సీతో మారదు.

రెండోది స్విచింగ్ నష్టం. ఆన్ నుంచి ఆఫ్‌కీ, ఆఫ్ నుంచి ఆన్‌కీ మారే క్షణంలో మాస్ఫెట్ మీద వోల్టేజీ, లోపల కరెంట్ రెండూ ఒకేసారి ఉంటాయి. ఆ రెండు మార్పులకీ కలిపి 100 నానోసెకన్లు పట్టిందనుకోండి. సగం × 24 × 5 × 100 నానోసెకన్లు, అంటే ఒక్కో సైకిల్‌కి 6 మైక్రోజౌళ్ళు. వినడానికి ఏమీ లేదు. కానీ సెకనుకి లక్ష సార్లయితే అది 0.6 వాట్లు, ఐదు లక్షల సార్లయితే 3 వాట్లు.

ఇప్పుడు వేడి లెక్క. టీవో-220 ప్యాకేజీ మాస్ఫెట్‌ని హీట్ సింక్ లేకుండా నిలబెడితే, ఒక్కో వాట్‌కి లోపలి చిప్ చుట్టూ ఉన్న గాలి కంటే దాదాపు 62 డిగ్రీలు వేడెక్కుతుంది. 100 కిలోహెర్ట్జ్‌లో మొత్తం 0.85 వాట్లు, అంటే 53 డిగ్రీల పెరుగుదల. పర్వాలేదు, బతుకుతుంది. 500 కిలోహెర్ట్జ్‌లో 3.25 వాట్లు, అంటే 201 డిగ్రీలు. చిప్ మామూలుగా తట్టుకునేది 150 నుంచి 175 వరకే. పైగా వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ కూడా పెరుగుతుంది, దాంతో ఇంకా వేడి. మాది కాలిపోవడంలో వింతేమీ లేదు, కాలిపోకపోతేనే వింత.

దానికి హీట్ సింక్ తగిలిస్తే సరిపోతుందిగా అని మీరు అనొచ్చు. మేమూ అదే అన్నాం. తీరా చూస్తే కావలసిన హీట్ సింక్ మేం తగ్గించుకున్న ఇండక్టర్ కంటే పెద్దది. కాయిల్‌లో పొదుపు చేసిన జాగా అల్యూమినియం రూపంలో తిరిగొచ్చింది. కన్వర్టర్‌లో ఏదీ ఊరికే తగ్గదు, ఒకచోట తగ్గిస్తే ఇంకోచోట తేలుతుంది.

మంచివన్నీ ఒక గీత మీద

అలాగైతే అసలు ‘బెస్ట్’ డిజైన్ ఏది? ఒక ఉదాహరణ చెబుతాను. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఊరెళ్ళాలి. ప్యాసింజర్ రైలు చౌక, కానీ ఆలస్యం. ఏసీ బస్సు త్వరగా వెళుతుంది, ఖరీదెక్కువ. ఈ రెంటిలో ఏది గొప్ప అంటే చెప్పలేం. కానీ ఏసీ బస్సు కంటే ఎక్కువ డబ్బు తీసుకుని, దానికంటే ఆలస్యంగా దింపే బస్సు ఉంటే దాన్ని కళ్ళు మూసుకుని కొట్టేయొచ్చు. అలా కొట్టేయగా మిగిలినవాటిని పారెటో ఫ్రంట్ అంటారు. విల్ఫ్రెడో పారెటో అనే ఇటలీ ఆర్థికవేత్త పేరు అది. ఫ్రంట్ మీద ఉన్న డిజైన్‌లో ఒక గుణం పెంచాలంటే ఇంకో గుణం వదులుకోవాల్సిందే.

రివ్యూలో కాలిపోయిన బోర్డే చూపించి, తిట్లు తిని, ఇంకో నెల గడువు తీసుకున్నాం. ఈసారి ముందు లెక్క, తర్వాత సోల్డరింగ్ అనుకున్నాం. పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాం: 20 ఫ్రీక్వెన్సీలు, 5 రిపుల్ విలువలు, 6 మాస్ఫెట్లు, 8 కోర్లు. మొత్తం 4,800 డిజైన్లు. ప్రతిదానికీ నష్టం, సైజు, ఉష్ణోగ్రత లెక్కేసి, హద్దు దాటినవన్నీ తీసేశాం. మిగిలినవాటిని సైజు ఒకవైపు, నష్టం ఒకవైపు పెట్టి గ్రాఫ్ గీస్తే కింద అంచున వంపు తిరిగిన గీత కనిపించింది. మా పాత 500 కిలోహెర్ట్జ్ డిజైన్ ఆ గీత మీద లేకపోగా, గ్రాఫ్‌లోకే రాలేదు.

ఇందులో ఇంకో సంగతి బయటపడింది. మేం ఇంత సేపూ మాస్ఫెట్ చుట్టూ తిరిగాం గానీ, అన్నిటికంటే పెద్ద దొంగ డయోడ్. షాట్కీ డయోడ్ మీద అర వోల్టు పడుతుంది. 5 ఆంపియర్లు, సగం సమయం, అంటే 1.25 వాట్లు. ఫ్రీక్వెన్సీని 100 నుంచి 80 కిలోహెర్ట్జ్‌కి తగ్గిస్తే మిగిలేది 0.12 వాట్లు. డయోడ్ స్థానంలో ఇంకో మాస్ఫెట్ పెడితే మిగిలేది ఏకంగా 1 వాట్. ఆప్టిమైజేషన్ అంటే అన్నీ కొంచెం కొంచెం సవరించడం కాదు, ముందు ఎక్కువ ఎక్కడ పోతోందో చూడటం.

తూకం ఎవరిది?

గీత దొరికింది సరే, దాని మీద ఏ చుక్క ఎంచుకోవాలి? అది ప్రోగ్రాం చెప్పదు. మనం ఏది కొలుస్తామో దాన్నిబట్టి జవాబు మారిపోతుంది.

2014లో గూగుల్, ఐట్రిపుల్ఈ కలిసి ‘లిటిల్ బాక్స్ చాలెంజ్’ అనే పోటీ పెట్టాయి. 2 కిలోవాట్ల ఇన్వర్టర్‌ని ఘనపు అంగుళానికి కనీసం 50 వాట్లు వచ్చేంత చిన్నగా చెయ్యాలి, పైభాగం 60 డిగ్రీలు దాటకూడదు, 100 గంటల పరీక్షకి నిలబడాలి. బహుమతి 10 లక్షల డాలర్లు. బెల్జియంకి చెందిన ‘రెడ్ ఎలక్ట్రికల్ డెవిల్స్’ జట్టు 143 వాట్లు సాధించి 2016లో గెలిచింది. అంటే 2 కిలోవాట్ల ఇన్వర్టర్ మొత్తం సుమారు 230 మిల్లీలీటర్ల జాగాలో పట్టింది. అక్కడ తూకం సైజు, కాబట్టి జవాబు కూడా అలాగే వచ్చింది.

సోలార్ ఇన్వర్టర్ల డేటా షీట్లలో ‘యూరోపియన్ ఎఫిషియెన్సీ’ అని ఉంటుంది, చూడండి. అందులో ఫుల్ లోడ్‌కి ఇచ్చే విలువ 20 శాతమే, సగం లోడ్‌కి 48 శాతం. మిగతాది అంతకంటే తక్కువ లోడ్లకి. ఎందుకంటే ఎండ రోజంతా నడినెత్తిన ఉండదు. ఫుల్ లోడ్‌లో గొప్పగా కనిపించే డిజైన్ ఈ కొలతలో వెనకబడవచ్చు.

మరి మా పెదనాన్న చావిడికి ఏ తూకం? ఫోన్ చేసి అడిగాను. “చిన్నదైతే మంచిదా, పెదనాన్నా?” అంటే నవ్వాడు. “గోడకి తగిలించేదానికి చిన్నదైతేనేం, పెద్దదైతేనేం రా? ఎండాకాలం ఆగాలి. పోతే టౌన్‌లో ఎవడో ఒకడు బాగుచెయ్యగలగాలి.”

ఆ రెండు వాక్యాలతో మా లెక్క మొత్తం మారిపోయింది. మేం ఎండాకాలాన్ని అసలు లెక్కలోకే తీసుకోలేదు. రేకుల కింద గాలి 45 డిగ్రీలు ఉంటుంది, మేం లెక్కేసింది ల్యాబ్‌లో ఏసీ గాలికి. వేడికి ముందుగా పోయేది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. ప్రతి 10 డిగ్రీలకీ దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఒక మోటు లెక్క ఉంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని రాసి ఉన్న కెపాసిటర్ 85 డిగ్రీల దగ్గర 8,000 గంటలు, 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు వస్తుంది. రోజుకి ఆరు గంటల ఎండ అనుకుంటే మొదటిది మూడున్నరేళ్ళు, రెండోది పద్నాలుగేళ్ళు పైన. తేడా అంతా దాన్ని వేడి మాస్ఫెట్ పక్కన పెట్టామా, దూరంగా పెట్టామా అన్నదాంట్లోనే ఉంది. సైజు తగ్గించాలన్న యావలో మేం రెంటినీ అంటించి పెట్టాం.

చివరికి 80 కిలోహెర్ట్జ్, 50 మైక్రోహెన్రీల ఇండక్టర్ ఎంచుకున్నాం. మాస్ఫెట్‌లో నష్టం 0.73 వాట్లు. 45 డిగ్రీల గాలిలో కూడా చిప్ 90 దగ్గరే ఆగుతుంది. కెపాసిటర్‌ని బోర్డుకి అవతలి మూలకి జరిపాం. డయోడ్‌ని మాత్రం తెలిసే వదిలేశాం. రెండో మాస్ఫెట్ పెడితే 1 వాట్ మిగులుతుంది, నిజమే. కానీ దానికి వేరే డ్రైవర్ కావాలి, రెండు స్విచ్‌లు ఒకేసారి ఆన్ అయితే సప్లై షార్ట్ అవుతుంది, కంట్రోల్ తప్పితే బ్యాటరీ నుంచి కరెంట్ వెనక్కి పారుతుంది. డయోడ్ అయితే టౌన్‌లో ఏ రిపేర్ షాపులోనైనా దొరుకుతుంది. పెదనాన్న చెప్పిన రెండో వాక్యానికి మేం కట్టిన ధర ఆ 1 వాట్.

రెండో రివ్యూలో మా బోర్డు టిఫిన్ బాక్సంత ఉంది. “పక్క బ్యాచ్ వాళ్ళది దీంట్లో సగం లేదు, మీది ఎందుకింత పెద్దది?” అని అడిగారు. ఈసారి జవాబు ఉంది, గ్రాఫ్ చూపించి చెప్పాం. మార్కులు మామూలుగానే వచ్చాయి. బోర్డు చావిడి గోడకెక్కి ఒక వేసవి దాటింది. ఇంకో వేసవి దాటితే పాత చార్జర్‌తో సమానం, ఆ పైన నిలబడితేనే గెలిచినట్టు.

జూనియర్స్‌కి ఒక్క మాట. ప్రాజెక్ట్ మొదలుపెట్టగానే సిమ్యులేషన్ తెరవకండి. ముందు ఒక కాగితం మీద ఇది ఎవరికోసం, ఎక్కడ ఉంటుంది, పోతే ఎవరు బాగుచేస్తారు అని రాసుకోండి. మాకు ఆ కాగితం లేకపోవడం వల్ల ఒక మాస్ఫెట్, ఒక నెల పోయాయి.