గుడ్లు పగలని కారు

పిల్లలూ! గంటకు 250 కిలోమీటర్లు పరుగెత్తే కొత్త స్పోర్ట్స్ కారును అమ్మివేసి, అందులో సగం వేగమైనా పోలేని పాత కారును ఎవరైనా కొంటారా? ఐరోపాలో అలా కొనేవారున్నారు. వారు ముచ్చటపడే కార్లలో ఫ్రాన్సు దేశపు సిట్రోయెన్ 2 సి.వి. ఒకటి.

పల్లెటూరి రైతుల కోసం తయారైన ఈ కారును 1948లో పారిస్ ప్రదర్శనలో పెట్టారు. దున్నిన చేలో నడిచినా బుట్టలోని కోడిగుడ్లు పగలకూడదని కంపెనీవారి నియమం! అందుకే ఒక్కొక్క పక్క ముందు చక్రాన్నీ, వెనుక చక్రాన్నీ స్ప్రింగులతో జతచేశారు. ఒకటి గతుకెక్కితే రెండవది సర్దుకుంటుంది. మొదటి ఇంజను శక్తి 9 గుర్రాలే. దానిని గాలే చల్లబరుస్తుంది, నీళ్ళు పోయనక్కరలేదు.

కొనేముందు అడుగు చట్రం తుప్పు పట్టిందేమో చూడాలి. ప్రమాదంలో కాపాడే గాలిసంచులు ఇందులో లేవు; నెమ్మదిగానే నడపాలి. అయినా, మూత ఎత్తితే ఏ భాగం ఏ పని చేస్తున్నదో కంటికి కనబడుతుంది. చిన్న మరమ్మతులు స్వయంగా చేసుకోవచ్చు. మరి మీరైతే ఏ కారు ఎన్నుకుంటారు?