రెండు రకాల ‘వద్దు’

వాతావరణ మార్పును అరికట్టే చర్యలకు రాజకీయంగా అడ్డుతగులుతున్నది ఎవరు? ఈమధ్య మన దగ్గర ఈ ప్రశ్నకు ఒక విచిత్రమైన జవాబు వినిపిస్తోంది: అల్లూరి సీతారామరాజు జిల్లా గిరిజనులట. హుకుంపేట, అనంతగిరి, అరకులోయ మండలాల వైపు తలపెట్టిన పంప్డ్ స్టోరేజీ జలవిద్యుత్ ప్రాజెక్టులను వాళ్లు వద్దంటున్నారు మరి. అసలు అడ్డంకి ఏమిటో తెలియాలంటే 1997 జులైకి వెళ్లాలి. ఆ నెల 25న అమెరికా సెనేట్ 95–0 ఓట్లతో ఒక తీర్మానం చేసింది. వర్ధమాన దేశాలకు ఉద్గారాల పరిమితులు పెట్టకుండా తమకు మాత్రమే పెట్టే ఒప్పందం మీద, తమ ఆర్థిక వ్యవస్థను గట్టిగా దెబ్బతీసే ఒప్పందం మీద సంతకం చేయకూడదని దాని సారాంశం. ఆ కోవలోదే అయిన క్యోటో ఒప్పందాన్ని అమెరికా ఆ తర్వాత ఎన్నడూ ఆమోదించలేదు. అదే నెల 11న మన సుప్రీంకోర్టు సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో తీర్పు చెప్పింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద మొదలైన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు కట్టబెట్టరాదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని కోర్టు తేల్చింది. మొదటి ‘వద్దు’ పొగ ఎక్కువగా వదిలినవాళ్లు తమ సౌఖ్యం తగ్గకుండా చెప్పింది. రెండోది పొగలో వాటా లేనివాళ్లు, చట్టం తమకిచ్చిన హక్కు నిలపమని కోరింది. రెంటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

ఎదుటి వాదనలో బలం లేకపోలేదు. ఎండ సాయంత్రానికి పోతుంది, కరెంటు వాడకం అప్పుడే పెరుగుతుంది. పగలు మిగిలిన సౌర విద్యుత్తుతో కింది రిజర్వాయరు నీటిని పైకి తోడి, రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పితే, పెట్టిన వంద యూనిట్లలో డెబ్బై అయిదు నుంచి ఎనభై దాకా తిరిగొస్తాయి. ఈ నిల్వ లేకపోతే రాత్రి భారం పరవాడ సింహాద్రి లాంటి బొగ్గు కేంద్రాల మీదే పడుతుంది. ఎత్తు పల్లాలు పక్కపక్కనే ఉన్న చోటు కావాలి కాబట్టి ఇంజనీర్ల చూపు తూర్పు కనుమల మీద పడింది. ఇదంతా నిజమే. నీరు ఒకసారి నింపితే చాలు, తర్వాత ఆవిరైనంత పోస్తే సరిపోతుందన్న మాటా చాలావరకు నిజమే. కానీ ఆ మొదటి నింపుడు గెడ్డల నుంచే రావాలి. రిజర్వాయర్లకు, సొరంగాలకు, రోడ్లకు, తవ్విన మట్టి పోయడానికి కావలసిన జాగా చోళ్లూ సామలూ పండే మెట్టల్లోంచీ కాఫీ, మిరియాల తోటల్లోంచీ అడవిలోంచీ రావాలి. అంతా ఈ కొండల్లోనే కట్టితీరాలన్న నియమం కూడా లేదు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో నదికి దూరంగా ఇలాంటి ప్రాజెక్టు కట్టారు. అల్లూరి జిల్లాలోనే ఎగువ సీలేరు ప్రతిపాదన ఎప్పుడో కట్టిన గుంటవాడ, డొంకరాయి జలాశయాలనే వాడుకుంటుంది.

పార్టీలు రెచ్చగొడుతున్నాయనేది ఇంకో ఆక్షేపణ. ప్రతిపక్షంలో ఉండగా ధర్నాలు, అధికారంలోకి రాగానే జీవోలు: ఏజెన్సీ ఈ తంతును బాక్సైట్ గనుల రోజుల నుంచీ చూస్తూనే ఉంది. ఆ కపటం నాయకులది. దాన్ని సాకుగా చూపి ఊళ్ల మాటను కొట్టిపారేయడం కుదరదు. సమత తీర్పు గనుల గురించే కదా అని కంపెనీల లాయర్లు అనవచ్చు, అంటారు కూడా. అయితే ఆ తీర్పుకు మూలమైన భూ బదలాయింపు నిషేధం, అంటే 1/70 చట్టం, గనులకే పరిమితం కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు వర్తించే 1996 నాటి పెసా చట్టం భూసేకరణకు ముందే గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలంటుంది. అడవి మీద గిరిజనుల హక్కులను గుర్తించే అటవీ హక్కుల చట్టం 2006 నుంచీ ఉంది. కనుక ప్రభుత్వం చేయవలసింది స్పష్టం: ముంపు ఎంత, నీళ్లు ఏ గెడ్డవి, కరెంటు ఎవరికి అన్న వివరాలు తెలుగులోనూ కొండ భాషల్లోనూ సర్వేకు ముందే గ్రామసభల్లో పెట్టాలి. సభ కాదంటే ఆ చోటు వదిలి మరోచోటు వెతకాలి.