నల్లకోటు మీకూ నప్పుతుంది!

రొయ్యల చెరువు లీజు కాగితం కానివ్వండి, పుట్టింటి పొలం పంపకాల దస్తావేజు కానివ్వండి, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అనగానే చదవకుండా పెట్టేసే ఆడవాళ్ళు మనలో ఎందరో! కావలి నుంచి ముత్తుకూరు దాకా తీరగ్రామాల్లో చాలా ఇళ్ళల్లో ఇదే వరస. పిల్లలు ఎదిగొచ్చారు, పగలు కాస్త తీరిక దొరుకుతోంది. ఆ కాగితాల భాషేదో మీరే ఎందుకు నేర్చుకోకూడదు? "ఈ వయసులో లా చదువేమిటి?" అంటారా? లాసెట్ రాయడానికి వయోపరిమితి లేదు మరి!

ఎవరు చేరవచ్చు?

డిగ్రీ ఉంటే మూడేళ్ళ ఎల్.ఎల్.బి., ఇంటర్ ఉంటే అయిదేళ్ళ కోర్సు. మార్కులు ఓ.సి.లకు 45 శాతం, బి.సి.లకు 42, ఎస్.సి., ఎస్.టి.లకు 40 ఉండాలి. పెళ్ళయ్యాక దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేశారా? ఫరవాలేదు, చెల్లుతుంది. అయితే ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో చేసిన డిగ్రీ మాత్రం లా కోర్సుకి పనికిరాదు. ఫీజు కట్టేముందే ఇది చూసుకోండి.

పరీక్ష ఎలా ఉంటుంది?

లాసెట్‌లో 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు. జనరల్ నాలెడ్జికి 30, వర్తమాన వ్యవహారాలకు 30, న్యాయశాస్త్ర అభిరుచికి 60. ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. తప్పు రాస్తే మార్కులు కోయరు. రోజూ పేపరు చదివే అలవాటుంటే సగం పని అయినట్టే. నెల్లూరులోనే వి.ఆర్. లా కాలేజీ ఉంది కాబట్టి చదువు కోసం ఊరు వదలనక్కర్లేదు.

ఇంట్లో ముందే మాట్లాడుకోండి

ఎల్.ఎల్.బి. దూరవిద్యలో లేదు. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలన్నది బార్ కౌన్సిల్ నియమం. "కాలేజీకి రానక్కర్లేదు, సర్టిఫికెట్ ఇప్పిస్తాం" అనే దళారుల మాట నమ్మకండి. కాంట్రాక్టు, కుటుంబ చట్టాలు, రాజ్యాంగం చదవడంతో బాటు దస్తావేజులు రాయడం, మూట్ కోర్టులో వాదించడం, మూడేళ్ళలో 12 వారాల ఇంటర్న్‌షిప్ కూడా తప్పవు. అందుకే వంటా, పిల్లల పనీ ఎవరెవరు పంచుకుంటారో చేరకముందే తేల్చుకోండి.

డిగ్రీ అయ్యాక బార్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకోవాలి. నమోదు రుసుము ఓ.సి., బి.సి.లకు 750 రూపాయలకు, ఎస్.సి., ఎస్.టి.లకు 125కు మించరాదని సుప్రీంకోర్టు 2024 జూలైలో తీర్పిచ్చింది. ఆపైన ఆలిండియా బార్ పరీక్ష కూడా పాసు కావాలి.

ప్రాక్టీసు పెట్టకపోయినా...

ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమానవాటా మన రాష్ట్రంలో 1985లోనే వచ్చింది. కానీ అప్పటికే పెళ్ళయినవారికి అది వర్తించలేదు. 2005 కేంద్ర సవరణతో ఆ తేడా పోయింది. ఇంత చిన్న సంగతి తెలియక వాటా వదులుకుంటే ఆ నష్టం ఎవరు పూడుస్తారు? 1992లో సారాపై తిరగబడ్డ దూబగుంట ఆడవాళ్ళకు కదలిక అక్షరాలు దిద్దుకునే చోటే మొదలైందని మన జిల్లాకు చెప్పక్కర్లేదు.

ఈలోగా అవసరం పడితే, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్ళకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి.

ముందుగా ఒక పని చేయండి. బీరువాలోంచి టెన్త్, ఇంటర్, డిగ్రీ సర్టిఫికెట్లు తీసి, ఆధార్ పక్కన పెట్టి చూడండి. పెళ్ళితో ఇంటిపేరు మారి తేడా కనిపిస్తే, దరఖాస్తుల కాలం రాకముందే సరిచేయించుకోండి.