పట్టాలో అణిగిన ఎండ

వైశాఖం ఎండలకు బళ్లారి బ్రూస్‌పేట మధ్యాహ్నమే తలుపులు వేసుకుంటుంది. ఊళ్లో గాలి వేడి 40 డిగ్రీలుంటే, గుంతకల్లుకు సాగే రైలు పట్టా 60 డిగ్రీల దాకా కాలగలదు. కాలిన ఉక్కు ఊరుకోదు, సాగుతుంది. మీటరు ఉక్కు డిగ్రీకి సాగేది మిల్లీమీటరులో నూరో వంతుకు కాస్త ఎక్కువ. అదే కిలోమీటరు పట్టా 20 డిగ్రీలు వేడెక్కితే 23 సెంటీమీటర్లు, అక్షరాలా జానెడు.

పూర్వం 13 మీటర్ల పట్టాలను వరసగా పరిచి, నడుమ సందు వదిలి ఫిష్‌ప్లేట్లతో బిగించేవారు. రైల్లో విన్న టకటకలు ఆ సందులవే. కానీ ప్రతి చక్రమూ అక్కడే గుద్దుకుని పట్టా కొసలు నలిగేవి. అందుకే ఇప్పుడు ముఖ్యమైన మార్గాల్లో పట్టాలను కిలోమీటర్ల పొడవున అతికేస్తున్నారు. మరి ఆ జానెడు ఎటు పోయినట్టు?

ఎటూ పోలేదు, లోపలే అణిగి ఉంది. కాంక్రీటు స్లీపర్లు, క్లిప్పులు, కంకర కలిసి పట్టాను కదలనివ్వవు. రెండు కొసలు మాత్రం ప్రత్యేకమైన జాయింట్ల దగ్గర కాస్త జరుగుతాయి. సాగనివ్వని ఉక్కు తోస్తుంది. మీటరుకు 60 కిలోలు తూగే పట్టాలో ఆ తోపు డిగ్రీకి దాదాపు 1.8 టన్నులు, 20 డిగ్రీలకు 36 టన్నులు. చలికి పట్టా ముడుచుకోబోయి అతుకు దగ్గర విరగవచ్చు. ఎండకు పక్కకు వంకర తిరగవచ్చు. ఈ రెండోదే నాకు ఎక్కువ భయం. విరిగిన పట్టాను చాలాసార్లు సిగ్నళ్ల కరెంటు పసిగడుతుంది, వంకరను పసిగట్టలేదు.

ఈ సీమకు ఈ లెక్క పాతదే. గుత్తి బళ్లారి జిల్లాలో ఉన్న రోజుల్లో, 1811లో, సర్వేయరు విలియం లాంబ్టన్ అక్కడ సర్వే ఆధారరేఖ కొలిచాడు. ఆయన వాడిన నూరడుగుల ఉక్కు గొలుసు పక్కనే థర్మామీటర్లు ఉండేవి. పది కిలోమీటర్ల రేఖలో ఒక్క డిగ్రీ తప్పితే 11 సెంటీమీటర్ల తేడా! సర్వేయర్ల ఈ బాధ తీర్చే లోహం 1896లో దొరికింది. 36 శాతం నికెల్ కలిపిన ఇన్వార్ మామూలు ఉక్కు సాగేదాంట్లో పదో వంతు మాత్రమే సాగుతుంది. దాన్ని కనుగొన్న గీయోమ్‌కు 1920లో నోబెల్ వచ్చింది. కానీ అంత నికెల్ పోసి రైలు పట్టాలు చేయించడం ఏ దేశానికీ గిట్టుబాటు కాదు.

కాబట్టి మనిషే నడవాలి. పట్టా బిగించేటప్పుడు ఎంచుకున్న ఉష్ణోగ్రత మీద పట్టా వేడి 20 డిగ్రీలు దాటితే ఎండ గస్తీ పెట్టాలని రైల్వే నియమం. కంకర కదిలించే పనులూ ఆ వేళ చేయకూడదు. ఊరు తలుపులు వేసుకునే ఆ గంటల్లోనే ట్రాక్‌మన్ పట్టా వెంట చూసుకుంటూ నడుస్తాడు. క్లిప్పు, కంకర ఎంత అవసరమో అతనికి మంచినీళ్లు, నడుమ ఆగే నీడ, వంతు మార్చుకోవడానికి ఇంకో మనిషి అంత అవసరం. పట్టాల ఖర్చు లెక్కగట్టే కాగితంలోనే వీటి లెక్కా ఉండాలి.