బండి పొగకూ ఒక పరీక్ష ఉంది

విశాఖపట్నం ఓడరేవు ఊరు. ఉక్కు ఊరు కూడా. 1933లో ఇక్కడ ఓడరేవు మొదలైంది. 1992లో ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. పని దొరికింది. జనం పెరిగారు. జనంతోపాటు బండ్లూ పెరిగాయి. కాన్వెంట్ జంక్షన్ దగ్గర గానీ, గాజువాకలో గానీ కాసేపు నిలబడి చూడండి. లారీలు, బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్లు వస్తూనే ఉంటాయి. ప్రతి బండీ ఎంతో కొంత పొగ వదులుతుంది.

ఆ పొగ ఎక్కడికి పోతుంది?

విశాఖకు తూర్పున సముద్రం. ఉత్తరాన కైలాసగిరి కొండలు. దక్షిణాన యారాడ కొండ. ఓడరేవు, చమురు శుద్ధి కర్మాగారం, పాత ఊరు మధ్యలోని పల్లంలో ఉన్నాయి. మూకుడు అడుగున ఉన్నట్టు ఉంటాయి. చలికాలం రాత్రుల్లో నేల దగ్గర గాలి చల్లబడుతుంది. చల్లగాలి బరువుగా ఉంటుంది. పైకి లేవదు. పొగ కూడా ఆ గాలిలోనే చిక్కుకుంటుంది. తెల్లవారుజామున రోడ్డు ఊడ్చేవాళ్లు, కూరగాయల బుట్టతో బయలుదేరినవాళ్లు పీల్చేది ఆ గాలినే.

2019లో కేంద్ర ప్రభుత్వం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. గాలి శుభ్రంగా లేని ఊళ్ల జాబితా తయారైంది. అందులో విశాఖపట్నం పేరు ఉంది.

పొగలో ఏముంది?

ఇంజనులో నూనె సరిగా మండకపోతే విషవాయువు పుడుతుంది. దాని పేరు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలో కలిస్తే ఒంటికి ప్రాణవాయువు సరిగా అందదు. తల నొప్పి పుడుతుంది. ఎక్కువైతే ప్రాణమే పోతుంది. డీజిలు బండి నల్లపొగలో సన్నని మసి ఉంటుంది. అది ఊపిరితిత్తుల లోపలిదాకా పోతుంది. చిన్నపిల్లలకు, ఉబ్బసం ఉన్నవాళ్లకు మరీ కష్టం.

పరీక్ష ఎలా చేస్తారు?

పెట్రోలు బండి ఇంజనును ఆన్ చేసి ఊరికే ఉంచుతారు. సైలెన్సర్‌లో ఒక గొట్టం పెడతారు. పొగలో విషవాయువు ఎంత ఉందో మిషను చెబుతుంది. 2000 మార్చి వరకు తయారైన మోటారు సైకిలుకు నూటికి 4.5 పాళ్లు మించకూడదు. ఆ తరువాత తయారైన వాటికి 3.5 పాళ్లే హద్దు. కొత్త రకాల బండ్లకు హద్దు ఇంకా తక్కువ.

డీజిలు బండికి పరీక్ష వేరు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతారు. వచ్చిన పొగ గుండా వెలుతురు పంపుతారు. వెలుతురు ఎంత ఆగిపోతే పొగ అంత చిక్కన అన్నమాట.

బండి రిజిస్ట్రేషను అయి ఏడాది దాటితే ఈ సర్టిఫికెట్ తప్పనిసరి. పాత బండ్లకు అది ఆరు నెలలు చెల్లుతుంది. బి.ఎస్. 4, బి.ఎస్. 6 రకం బండ్లకు ఏడాది చెల్లుతుంది. లేకపోతే 2019లో మారిన చట్టం ప్రకారం 10,000 రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. మూడు నెలల దాకా జైలు కూడా పడవచ్చు.

కాగితంతో గాలి బాగుపడుతుందా?

పడదు. బండిని బాగు చేయిస్తేనే గాలి బాగుపడుతుంది. నల్లపొగ వస్తుంటే ఎయిర్ ఫిల్టర్, నాజిళ్లు చూపించాలి. నీలిపొగ వస్తుంటే ఇంజనాయిలు మండిపోతోందని అర్థం. కిరోసిను కలిపిన పెట్రోలు పోయకూడదు. ఇంజను బాగుంటే నూనె ఆదా. ఆటో నడిపేవాళ్లకు ఆ డబ్బు చేతిలో మిగులుతుంది. పరీక్ష చేయకుండా కాగితం కొనుక్కుంటే ఖర్చూ తగ్గదు, పొగా తగ్గదు.

అమెరికాలో లాస్ ఏంజెలిస్ అనే ఊరుంది. అక్కడా ఒకపక్క సముద్రం, మిగతా పక్కల కొండలు. ఒకప్పుడు పొగమంచుకు కళ్లు మండేవి. బండ్ల తయారీకి గట్టి నియమాలు పెట్టారు. 1984 నుంచి పాత బండ్లకు పొగ పరీక్ష పెట్టారు. తప్పిన బండిని బాగుచేయించాకే రోడ్డు మీదికి రానిచ్చారు. గాలి చాలావరకు తేటపడింది.

విశాఖలో రేవు బొగ్గు దుమ్ము ఉంది. ఫ్యాక్టరీల పొగ ఉంది. రోడ్ల దుమ్ము ఉంది. బండ్ల పరీక్ష వాటిని ఆపలేదు. వాటి సంగతి ఫ్యాక్టరీలవాళ్లు, రేవువాళ్లు, ప్రభుత్వం చూడాలి. కానీ సొంత బండి పొగ మాత్రం బండి యజమాని చేతిలోనే ఉంది.

సర్టిఫికెట్ చేతికి రాగానే మడిచి జేబులో పెట్టకండి. చదవండి. బండి నంబరు సరిగా ఉందా? ఏ తేదీ దాకా చెల్లుతుంది? హద్దు ఎంత, మీ బండి లెక్క ఎంత? ఈ నాలుగూ చదివితే బండి ఆరోగ్యం మీకే తెలిసిపోతుంది.