మండుటెండలో సౌరఫలకముల యెంపిక



హైదరాబాదు పాతబస్తీలో స్థిరపడిన కుమారుడో అల్లుడో "మిద్దెపై సౌరఫలకములు పెట్టింపదలచితిమి, కొంత సొమ్ము సర్దుబాటు చేయవలెను" అని మీకు వ్రాసినచో, ఇచ్చుటకు ముందు అడుగదగిన ప్రశ్నలు కొన్ని కలవు. ఇది లక్షలతో కూడిన మాట; ఇరువదియైదేండ్లు నిలువవలసిన వస్తువు.

"ఎంత యెండయో అంత విద్యుత్తు" అని పలువురు తలతురు. అది సగమే నిజము. ఫలకమునకు కావలసినది వెలుగు. వేడిమి దానికి శత్రువు. దానిపై ముద్రించిన వాట్ల సంఖ్య, ఫలకము 25 డిగ్రీల వేడిమిలో నుండగా పరీక్షించి నిర్ణయించినది. వైశాఖమున చార్మినారు ప్రాంతమున గాలియే 40 డిగ్రీలకు వచ్చునపుడు, మిద్దెమీద ఫలకము 65 డిగ్రీలకు కాగుట వింత గాదు. ఫలకపు వివరపత్రములో ఉష్ణగుణకమను నొక యంకె యుండును. అది నూటికి 0.35 అయినచో, పెరిగిన 40 డిగ్రీలకు నూటికి 14 వంతులు నష్టము. అనగా 500 వాట్ల ఫలకము 430 మాత్రమే యిచ్చును. గుణకము 0.30 అయినచో 440 ఇచ్చును. కావున తక్కువ గుణకము గలది మేలే. కాని యీ పదివాట్లకై వర్తకుడు విపరీతమైన వెల చెప్పినచో నమ్మనక్కరలేదు. ఫలకము క్రింద జానెడు సందు విడిచి గాలి యాడనిచ్చుటయు వేడిమిని తగ్గించును. దానికి వెల స్వల్పము.

అంతకన్న పెద్ద నష్టము నీడవలన కలుగును. ఫలకములను వరుసగా గొలుసువలె కలుపుదురు గనుక, ఒకదానిపై నీళ్లతొట్టి నీడ పడినను తక్కినవాని ఫలము కుంటుపడవచ్చును. పాతబస్తీలో ఇండ్లు గోడకు గోడ యానుకొని యున్నవి. పొరుగువారు రేపు మరియొక అంతస్తు లేపవచ్చును. సూర్యుడు దక్షిణమునకు మిక్కిలి యొరిగియుండు ధనుర్మాసమున, ఉదయము తొమ్మిది మొదలు మూడు గంటలవరకు నీడ యెచ్చట పడుచున్నదో చూచిన తరువాతనే స్థలము నిర్ణయింపవలెను. హైదరాబాదు అక్షాంశము సుమారు 17 డిగ్రీలు. ఫలకమును దక్షిణాభిముఖముగా ఇంచుమించు అంతే వాలు పెట్టుదురు. కిలోవాటునకు దాదాపు నూరు చదరపుటడుగుల చోటు కావలెను. సగటున దినమునకు నాలుగు యూనిట్లు వచ్చును.

2024లో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కొక్కదానికి 30,000 రూపాయలు, మూడవదానికి 18,000, మొత్తము 78,000కు మించకుండ సాయము నిర్ణయించిరి. దీనికి స్వదేశమున తయారైన ఘటములుగల ఫలకములే చెల్లును. వర్తకునివద్ద ఆ మాట వ్రాతమూలముగా పుచ్చుకొనవలెను.

మరియొకటి. బ్యాటరీ లేక వీధితీగతో కలిపిన యేర్పాటు, కరెంటు పోయినపుడు తానును ఆగిపోవును. తీగ బాగుచేయు పనివానికి ప్రాణాపాయము కలుగకుండ అట్లు చేసినారు. "ఇక చీకటి యుండదు" అని చెప్పి అమ్మువారు ఈ సంగతి దాటవేయుదురు.

ఇల్లు దూలములపై వేసిన పాత గచ్చుమిద్దె అయినచో, బేరమునకు ముందే ఇంజనీరుచేత కప్పు పరీక్ష చేయింపవలెను. ఫలకమొక్కటి పాతికసేర్లకు పైబడి తూగును. వేసవి గాలివాన దానిని క్రిందినుండి పైకెత్తజూచును.